వరి నారుకు ఉప్పు పరీక్ష: టబ్బు నుంచి సాల్టాల్ మార్కర్ దాకా

వరిలో ఉప్పును తట్టుకునే జన్యువుల మీద పని మొదలుపెట్టేవాళ్లు ఎక్కువగా పీసీఆర్‌కు, అంటే డీఎన్ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పరీక్షకు, భయపడతారు. నిజానికి భయపడాల్సింది ఉప్పు కలిపిన పోషక ద్రావణంలో నారు పెంచే టబ్బుకు. పీసీఆర్‌లో బ్యాండు (జెల్ మీద కనబడే డీఎన్ఏ గీత) రాకపోతే రేపు మళ్లీ పెట్టుకోవచ్చు. టబ్బులో పీహెచ్ రెండు రోజులు చూడకపోయినా, ఎండకు నీళ్లు ఇగిరి ఈసీ (ఉప్పు ఎంత ఉందో చెప్పే విద్యుత్ వాహకత, మీటరుకు డెసీసీమన్స్‌లో) 12 కాస్తా 15 అయినా, ఏ మొక్క ఉప్పుకు చచ్చిందో ఏది ఇనుము అందక పాలిపోయిందో ఆ తర్వాత ఎవరూ చెప్పలేరు. అలాంటి స్కోర్ల పక్కన ఎంత ఖరీదైన డీఎన్ఏ సమాచారం పెట్టినా దొరికే క్యూటీఎల్ (ఒక గుణానికి ముడిపడిన క్రోమోజోమ్ భాగం) గాలిలో కట్టిన మేడే. అందుకే ఇక్కడ సగానికి పైగా టబ్బు గురించే చెబుతున్నాం.

ఉదాహరణకు తీసుకున్నది సాల్టాల్ అనే క్యూటీఎల్. కేరళలో ఎర్నాకుళం, ఆలప్పుళ, త్రిశ్శూరు తీరాల్లో సముద్రపు పోటు నీరు ఎక్కే పొలాల్లో పొక్కాలి అనే పాత వరి పండుతుంది. దాన్ని, ఉప్పు తగిలితే చాలు వాడిపోయే ఐఆర్ 29తో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో సంకరం చేశారు. ఆ సంతతిలో ఒకటో క్రోమోజోమ్ పొట్టి భుజం మీద, సుమారు 11 నుంచి 12 మెగాబేస్‌ల (మెగాబేస్ అంటే పది లక్షల డీఎన్ఏ అక్షరాలు) మధ్య, ఉప్పు తట్టుకునే గుణానికి ముడిపడిన భాగం కనబడింది. దానికే సాల్టాల్ అని పేరు. సాల్టాల్‌ను ఇచ్చే దాత రకంగా ఇవాళ ఎక్కువమంది వాడే ఎఫ్‌ఎల్ 478 కూడా ఆ సంతతిలోని లైనే (స్థిరపడిన వంశమే). 2005లో నోనా బొక్రా అనే బెంగాల్ రకానికీ కోషిహికారి అనే జపాన్ రకానికీ చేసిన సంకరంలో, అదే చోటు నుంచి ఎస్‌కేసీ1 అనే జన్యువును విడదీశారు. దాని ప్రోటీను పేరు ఓఎస్‌హెచ్‌కేటీ1;5. వేరు నుంచి ఆకులకు నీళ్లు మోసే దారువు పక్క కణాల పొరల్లో ఉండి, పైకి పోతున్న సోడియాన్ని దారువులోంచి వెనక్కి లాగేయడం దాని పని. రెండు రకాల మధ్య ఆ ప్రోటీనులో తేడా నాలుగే నాలుగు అమైనో ఆమ్లాలు.

పరీక్షలో ఏం కొలవాలో దీన్నిబట్టే తేలుతుంది. మొక్క ఎంత పచ్చగా ఉందన్నది ఒక్కటే చాలదు, ఆకుల్లోకి ఎంత సోడియం ఎక్కింది, పొటాషియం ఎంత నిలిచింది అన్నదీ కావాలి.

ఏ చౌడు, ఏ దశ

ఈ పరీక్ష పాలచౌడుకు సంబంధించినది, అంటే కరిగే లవణాలు ఎక్కువై ఈసీ 4 దాటిన నేలలకు. పీహెచ్ 8.5 దాటి, మట్టి రేణువులకు సోడియం అంటుకుని, నీరు ఇంకని కారుచౌడు వేరే జబ్బు. అక్కడ జింకు, ఇనుము అందకపోవడం కూడా మొక్కను కుంగదీస్తుంది. టబ్బులో నెగ్గిన లైను కారుచౌడులో నెగ్గుతుందని రాయకండి.

దశ విషయమూ అంతే. వరి మొలకెత్తేటప్పుడు ఉప్పును బాగానే ఓర్చుకుంటుంది. రెండు మూడు ఆకుల నారు దశలో సున్నితం, పిలకల దశలో కొంత గట్టిపడుతుంది, పూత దశలో మళ్లీ సున్నితమవుతుంది. నారు దశ ఓర్పుకీ పూత దశ ఓర్పుకీ జన్యువులు చాలావరకు వేరు. సాల్టాల్ నారు దశది.

ఉప్పు దెబ్బ రెండు విడతలుగా పడుతుందనీ గుర్తుంచుకోవాలి. నీళ్లలో ఉప్పు కలిపిన నిమిషాల్లోనే వేరుకు నీరు లాగడం కష్టమై ఎదుగుదల తగ్గుతుంది. ఇది కరువు దెబ్బ లాంటిది. కొన్ని రోజులు పోయాక సోడియం ముదురు ఆకుల్లో పేరుకుని వాటి కొసలు మాడతాయి. మొదటి రెండు మూడు రోజుల్లోనే స్కోరు రాసేస్తే మొదటి దెబ్బనే కొలిచినట్టు, సాల్టాల్ పని చూపించేది రెండోదానిలో.

విత్తనం, చెక్ రకాలు

అన్ని లైన్ల విత్తనం ఒకే సీజనులో, ఒకే పొలంలో పండినదై ఉండాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది అయితే మొలక బలంలోని తేడా ఉప్పు తేడాలా కనబడుతుంది. కొత్తగా కోసిన గింజకు నిద్రావస్థ ఉంటే 50 డిగ్రీల ఓవెన్‌లో 5 రోజులు ఉంచితే పోతుంది. శిలీంద్రనాశినితో శుద్ధి చేసి, బాగా కడిగి, పెట్రి డిష్‌లో తడి వడపోత కాగితం మీద 30 డిగ్రీల దగ్గర 48 గంటలు ఉంచండి. ముక్కు పగిలి తెల్లటి మొలక కనబడినవే తీసుకోండి.

ప్రతి టబ్బులోనూ రెండు చెక్‌లు (పోలిక కోసం పెట్టే రకాలు) తప్పనిసరి: తట్టుకోలేనిది ఐఆర్ 29, తట్టుకునేది ఎఫ్‌ఎల్ 478. ప్రతి టబ్బులోనూ అంటే ప్రయోగానికి ఒకసారి కాదు, టబ్బు టబ్బుకూ. ఒక మూల టబ్బుకు ఎండ ఎక్కువ తగిలిందా, ఒకదానిలో ఉప్పు తక్కువ పడిందా అన్నది చెప్పేది ఆ రెండు వరసలే. పొక్కాలిని అదనంగా పెట్టుకోవచ్చు గానీ దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. అది పొడుగ్గా, వేగంగా పెరిగే రకం. పెరుగుదల వల్లే దాని ఒంట్లో సోడియం పలచబడుతుంది. పొట్టి లైన్లను దానితో పోలిస్తే అన్యాయమే. కోస్తా ఆంధ్ర కోసం పనిచేసేవాళ్లు మచిలీపట్నం పరిశోధన స్థానం ఇచ్చిన ఎంసీఎం 100 లాంటి స్థానిక రకాన్ని, మార్చదలచుకున్న మూల రకాన్ని కూడా చేర్చుకుంటే ఫలితం రైతుకు అర్థమయ్యే భాషలో ఉంటుంది.

థర్మోకోల్ పలక

28 సెంటీమీటర్ల వెడల్పు, 32 సెంటీమీటర్ల పొడవు, 1.25 సెంటీమీటర్ల మందం ఉన్న థర్మోకోల్ పలకలో 10 వరసలు, వరసకు 10 చొప్పున 100 రంధ్రాలు చేసి, అడుగున నైలాన్ వల అంటించాలి. దోమతెర గుడ్డ సరిపోతుంది. వల కన్నాలు మొలకవేరు దూరేంత ఉండాలి, గింజ జారిపోయేంత ఉండకూడదు. పలక నీళ్ల మీద తేలినప్పుడు వలకు నీరు తగిలీ తగలనట్టు ఉంటే సరి. గింజ మునిగితే కుళ్లుతుంది, నీటికి అందకపోతే మొలకవేరు ఎండుతుంది.

ఒక్కో రంధ్రానికి రెండు మొలకలు, వేరు కిందికి దూరేలా జాగ్రత్తగా పెట్టండి. ఈ దశలో వేరు విరిగితే కథ అక్కడితో ముగిసినట్టే. విరిగిన వేరులోంచి సోడియం ఏ అడ్డూ లేకుండా పైకి పోతుంది, తట్టుకునే లైను కూడా చచ్చిపోతుంది. చూసేవాళ్లకు అది జన్యు తేడాలానే కనిపిస్తుంది.

లెక్క ఇలా వేసుకోండి. ఒక లైనుకు ఒక వరస, రెండు వరసలు చెక్‌లకు, అంటే టబ్బుకు 8 లైన్లు. మూడు టబ్బులు పునరావృతాలు, ఒకటి ఉప్పులేని టబ్బు. 40 లైన్లకు 20 టబ్బులు, టబ్బుకు 10 లీటర్ల చొప్పున ద్రావణం మార్చిన ప్రతిసారీ 200 లీటర్లు. అంచు వరసల మొక్కలకు గాలీ వెలుతురూ ఎక్కువ తగులుతాయి కాబట్టి లైన్ల వరస క్రమాన్ని ప్రతి టబ్బులోనూ చీటీలు వేసి మార్చండి. చెక్‌లను అందంగా ఉంటాయని అంచునే పెట్టే అలవాటు చాలాచోట్ల ఉంది, అది మానాలి.

యోషిదా ద్రావణం

టబ్బులో నారుకు పోషకాలు ఇచ్చేది ఈ ద్రావణమే. లీటరు స్వేదనజలంలో విడివిడిగా కలుపుకోవాల్సిన స్టాకులు (గాఢ ద్రావణాలు) ఇవి:

అమ్మోనియం నైట్రేట్ 91.4 గ్రాములు
సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ డైహైడ్రేట్ 40.3 గ్రాములు
పొటాషియం సల్ఫేట్ 71.4 గ్రాములు
కాల్షియం క్లోరైడ్, నీరులేనిది 88.6 గ్రాములు, డైహైడ్రేట్ అయితే సుమారు 117 గ్రాములు
మెగ్నీషియం సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 324 గ్రాములు

సూక్ష్మపోషకాల స్టాకు లీటరుకు: మాంగనీస్ క్లోరైడ్ టెట్రాహైడ్రేట్ 1.5 గ్రాములు, అమ్మోనియం మాలిబ్డేట్ 0.074, బోరిక్ ఆమ్లం 0.934, జింక్ సల్ఫేట్ హెప్టాహైడ్రేట్ 0.035, కాపర్ సల్ఫేట్ పెంటాహైడ్రేట్ 0.031, ఫెర్రిక్ క్లోరైడ్ హెక్సాహైడ్రేట్ 7.7, సిట్రిక్ ఆమ్లం మోనోహైడ్రేట్ 11.9 గ్రాములు. ఒక్కోదాన్ని వేరువేరుగా కరిగించి, చివర్లో కలిపి, 50 మి.లీ. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని నెమ్మదిగా నీటిలోకి వంచి లీటరుకు నింపాలి. ఆమ్లంలోకి నీళ్లు పోయకూడదు. ఈ సీసా ముదురు రంగు గాజుదై ఉండాలి.

వాడేటప్పుడు లీటరుకు ప్రతి స్టాకు నుంచి 1.25 మి.లీ., 10 లీటర్ల టబ్బుకు 12.5 మి.లీ. దీంతో నత్రజని 40, భాస్వరం 10, పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం తలా 40 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) వస్తాయి. 200 లీటర్లకు ఒక్కో స్టాకు 250 మి.లీ. పడుతుంది. మూడు మార్పులకు 750 మి.లీ. కాబట్టి ఒక లీటరు చేసుకుంటే 40 లైన్ల ప్రయోగం గట్టెక్కుతుంది.

టబ్బులో ముందు 9 లీటర్ల నీళ్లు పోసి, ఆపైన స్టాకులు ఒక్కోటీ కలుపుతూ వేయండి. స్టాకులనే ఒక బీకరులో కలిపితే కాల్షియం వెళ్లి సల్ఫేటుతో, ఫాస్ఫేటుతో జతకట్టి తెల్లగా అడుగున పడుతుంది. కాల్షియం తగ్గిందంటే వేరు పొర సోడియాన్ని ఆపలేదు, అన్ని లైన్లూ మామూలుకన్నా బలహీనంగా కనబడతాయి. బోరునీళ్లు అసలు వద్దు. వాటిలో ఇప్పటికే ఏముందో, అది ఈ నెలా వచ్చే నెలా ఒకేలా ఉంటుందో తెలియదు.

ఉప్పు ఎక్కించడం

పలక మీద పెట్టిన మొలకలను మొదట మూడు రోజులు స్వేదనజలంలో ఉంచాలి. నాలుగో రోజున పోషక ద్రావణం పోసి, లీటరుకు 3 గ్రాముల సోడియం క్లోరైడ్ కలిపితే ఈసీ మీటరుకు 6 డెసీసీమన్స్ దగ్గరికి వస్తుంది. మరో మూడు రోజులకు ఇంకో 3 గ్రాములు, మొత్తం 6 గ్రాములు, ఈసీ 12. ఇది ఫిలిప్పీన్స్ సంస్థ 1997లో వెలువరించిన పద్ధతి. చాలా ప్రయోగశాలలు నారును రెండు వారాలు మామూలు ద్రావణంలో పెంచాకే ఉప్పు మొదలుపెడతాయి, గింజలోని ఆహారం అయిపోయి మొక్క తన కాళ్ల మీద నిలబడుతుందని. రెండూ సరైనవే. ఒక పద్ధతిలో వచ్చిన స్కోరును ఇంకో పద్ధతిలో వచ్చినదానితో కలపడం మాత్రం తప్పు. ఒకేసారి 12కు ఎక్కిస్తే నీరు అందని దెబ్బకే కొన్ని లైన్లు పడిపోతాయి, సోడియాన్ని ఆపే శక్తి బయటపడే అవకాశమే రాదు.

గ్రాములను గుడ్డిగా నమ్మకుండా ఈసీ మీటరుతో చూసుకోండి. మీటరును సరిచూడటానికి 0.1 మోలార్ పొటాషియం క్లోరైడ్ చేసుకోండి. లీటరుకు 7.455 గ్రాములు, 25 డిగ్రీల దగ్గర అది 12.88 చూపాలి. పరీక్షలో వాడే 12కు దగ్గరగా ఉంటుంది కాబట్టి 1.413 చూపే మామూలు ద్రావణం కన్నా ఇదే మేలు. ఉష్ణోగ్రత డిగ్రీ పెరిగితే ఈసీ దాదాపు 2 శాతం పెరుగుతుంది. మీటరు దాన్ని సర్దుతోందో లేదో చూసుకోవాలి. ఉప్పు ప్రయోగశాల గ్రేడుది కావాలి. అయోడిన్, గడ్డకట్టకుండా వేసే పొడులు కలిసిన వంటింటి ఉప్పు పనికిరాదు.

రోజూ చూడాల్సినవి

పీహెచ్ 5.0 దగ్గర నిలవాలి. వరి ముందు అమ్మోనియాన్ని పీల్చుకుంటుంది కాబట్టి తొలి రోజుల్లో పీహెచ్ పడిపోతుంది, అది అయిపోయాక పైకి లేస్తుంది. రోజూ ఒకే సమయానికి చూసి 1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ లేదా హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలతో సర్దాలి. ఒక పాయింటు అటూ ఇటూ తేడా వచ్చినా కొన్ని పోషకాలు విషమవుతాయి, కొన్ని అందవు. పీహెచ్ 6 దాటితే ఇనుము తుప్పు రంగులో అడుగున చేరి లేత ఆకులు తెల్లగా పసుపుగా మారతాయి. ఉప్పు లక్షణాన్ని దీంతో పొరబడేవాళ్లే ఎక్కువ. గుర్తు పట్టడం సులువే: ఉప్పు దెబ్బ ముదురు ఆకు కొస నుంచి మొదలవుతుంది, ఇనుము లోపం కొత్త ఆకులో, నరాల మధ్య కనబడుతుంది.

టబ్బు పక్కన నీటి మట్టం దగ్గర గీత గీసి, తగ్గినంత మేర స్వేదనజలమే పోయండి. తగ్గిన చోట ఉప్పు ద్రావణం పోస్తే ఈసీ పాకుతూ పోతుంది. ప్రతి 8 రోజులకూ ద్రావణం పూర్తిగా మార్చాలి. టబ్బు పారదర్శకమైనదైతే నల్ల పాలిథీన్ చుట్టండి, లేకపోతే పాచి పట్టి పీహెచ్‌ను పగలంతా పైకి లాగుతుంది.

గాలిలో తేమ ఈ పరీక్షను తెలియకుండా మార్చేస్తుంది. గాలి పొడిగా ఉంటే ఆకు ఎక్కువ నీరు ఆవిరి చేస్తుంది, ఆ నీటితో పాటే సోడియం ఎక్కువ ఎక్కుతుంది. మూల పద్ధతిలో పగలు 29, రాత్రి 21 డిగ్రీలు, తేమ కనీసం 50 శాతం అని ఉంది. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ నెట్‌హౌస్‌లో చేసిన పరీక్షలో ఎఫ్‌ఎల్ 478 స్కోరు కూడా (కింద చెప్పే 1 నుంచి 9 కొలతలో) 5కు దిగజారితే ఆశ్చర్యపోనక్కర్లేదు. అదే టబ్బులు తేమ ఉన్న వర్షాకాలంలో పెడితే ఐఆర్ 29 కూడా నిలబడుతుంది. వీలైతే ఏసీ గదిలో, లేకపోతే ఒకే నెలలో అన్నీ పూర్తిచేయండి.

స్కోరు

రెండుసార్లు చూడాలి, ఉప్పు మొదలైన 10వ రోజున, 16వ రోజున. అయితే రోజుల లెక్క కన్నా ఐఆర్ 29 ముఖ్యం. అది 7 నుంచి 9 మధ్యకు చేరినప్పుడే మిగతావాటి మధ్య తేడా బాగా తెలుస్తుంది. అది ఇంకా పచ్చగా ఉంటే ఆగండి. ఎఫ్‌ఎల్ 478 కూడా ఎండిపోతే ఆ టబ్బు లెక్కలోకి రాదు.

కొలత ఇలా ఉంటుంది. ఎదుగుదల మామూలుగా ఉండి ఆకుల్లో గుర్తేమీ లేకపోతే 1. ఎదుగుదల దాదాపు మామూలే, కొన్ని ఆకుల కొసలు తెల్లబడి చుట్టుకుంటే 3. ఎదుగుదల బాగా తగ్గి, ఎక్కువ ఆకులు చుట్టుకుని, కొన్నే పెరుగుతుంటే 5. ఎదుగుదల పూర్తిగా ఆగి, ఎక్కువ ఆకులు ఎండి, కొన్ని మొక్కలు చస్తుంటే 7. దాదాపు అన్నీ చచ్చినవో చావబోతున్నవో అయితే 9. స్కోరు రాసే మనిషికి లైను పేరు తెలియకూడదు. టబ్బు నంబరు, వరస నంబరు చాలు. ఇద్దరు విడివిడిగా రాసి పోల్చుకుంటే 3కీ 5కీ మధ్య ఎవరి చెయ్యి ఎటు వాలుతుందో తెలిసిపోతుంది. ఉప్పు టబ్బు మొక్కల పొడి బరువును ఉప్పులేని టబ్బు మొక్కల పొడి బరువుతో భాగించిన నిష్పత్తి కూడా రాసుకోండి, ఎందుకంటే స్కోరు కంటితో చూసింది, బరువు త్రాసు చూపింది.

సోడియం, పొటాషియం

స్కోరు రాసిన రోజునే ప్రతి లైను నుంచి కనీసం 5 మొక్కలు తీసుకోండి. వేరు కోసేసి, పైభాగాన్ని స్వేదనజలంలో కొన్ని సెకన్లు మాత్రమే ముంచి తీయాలి. ఎక్కువసేపు ఉంచితే ఆకులోని పొటాషియం కూడా కారిపోతుంది. 70 డిగ్రీల దగ్గర 3 రోజులు ఎండబెట్టి పొడి చేయండి. వరి ముదురు ఆకుల్లోకి సోడియాన్ని తోసి లేత ఆకులను కాపాడుకుంటుంది. కాబట్టి ఒక లైనులో మూడో ఆకు, ఇంకో లైనులో మొత్తం మొక్క తీస్తే ఆ పోలికకు అర్థం లేదు.

50 మిల్లీగ్రాముల పొడికి 10 మి.లీ. 100 మిల్లీమోలార్ ఎసిటిక్ ఆమ్లం పోసి, 90 డిగ్రీల నీటి తొట్టిలో 2 గంటలు ఉంచి వడకట్టండి. ఫ్లేమ్ ఫోటోమీటరుకు ప్రమాణ ద్రావణాలు: ఎండబెట్టిన సోడియం క్లోరైడ్ లీటరుకు 2.542 గ్రాములు వేస్తే 1000 పీపీఎం సోడియం, పొటాషియం క్లోరైడ్ 1.907 గ్రాములు వేస్తే 1000 పీపీఎం పొటాషియం. వీటిని పలచన చేసి 0, 2, 5, 10 పీపీఎంలు చేసుకోండి. నమూనా రీడింగు 10 దాటితే మళ్లీ పలచన చేయాలి, పైన గీత వంగిపోతుంది.

ఒక లెక్క చూద్దాం. నమూనాను 10 రెట్లు పలచన చేశాక సోడియం 9.2 పీపీఎం వచ్చిందనుకోండి. అసలు ద్రావణంలో 92, అంటే 10 మి.లీ.లో 0.92 మిల్లీగ్రాములు. 23తో భాగిస్తే 0.04 మిల్లీమోల్, 0.05 గ్రాముల పొడికి కాబట్టి గ్రాముకు 0.8. పొటాషియం 20 రెట్ల పలచనలో 6 పీపీఎం అయితే 1.2 మిల్లీగ్రాములు, 39.1తో భాగించి గ్రాముకు సుమారు 0.61. సోడియానికీ పొటాషియానికీ నిష్పత్తి 1.3. మోల్‌లలో భాగించారా మిల్లీగ్రాముల్లోనా అన్నది పట్టిక పైన రాయండి, రెండింటికీ చాలా తేడా వస్తుంది.

ఖాళీ నమూనాలో కూడా సోడియం కనబడుతోందంటే గాజు సామాను, చేతి చెమట, లేదా అదే బల్ల మీద ఎవరో తూచిన ఉప్పు. ప్లాస్టిక్ సీసాలు, చేతి తొడుగులు వాడండి.

డీఎన్ఏ

ఆకును ఉప్పు కలపకముందే తీసుకోండి. ఎండుతున్న ఆకులో డీఎన్ఏ ముక్కలై ఉంటుంది, పైగా చచ్చిన మొక్క జన్యురూపం తెలియకుండా పోతే లెక్కలో తట్టుకునేవే మిగులుతాయి.

ఆకులోంచి డీఎన్ఏను బయటికి తీసే సీటాబ్ బఫర్ 100 మి.లీ.కు: సీటాబ్ 2 గ్రాములు, సోడియం క్లోరైడ్ 8.18 గ్రాములు, పీహెచ్ 8.0 ఉన్న 1 మోలార్ ట్రిస్ 10 మి.లీ., 0.5 మోలార్ ఈడీటీఏ 4 మి.లీ. నూరిన ఆకును ఇందులో 65 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు ఉంచి, 24:1 క్లోరోఫామ్, ఐసోఅమైల్ ఆల్కహాల్‌తో కలిపి తిప్పి, పై పొరను మాత్రమే తీసి, దానికి మూడింట రెండు వంతుల చల్లటి ఐసోప్రొపనాల్ కలపాలి. దారపు ఉండలా తేలే డీఎన్ఏను 70 శాతం ఇథనాల్‌తో కడిగి, ఆరబెట్టి, టీఈ బఫర్‌లో కరిగించండి. మధ్య పొర తెల్లటి తెట్టులో పిపెట్ కొస ముంచితే ప్రోటీను వచ్చి పీసీఆర్ మొరాయిస్తుంది. మైక్రోలీటరుకు 25 నానోగ్రాములకు పలచన చేసుకోండి.

10 మైక్రోలీటర్ల పీసీఆర్‌కు: డీఎన్ఏ 2, మెగ్నీషియం ఉన్న 10 ఎక్స్ బఫర్ 1, ఒక్కోటీ 2.5 మిల్లీమోలార్ ఉన్న డీఎన్‌టీపీ మిశ్రమం 0.8, 5 మైక్రోమోలార్ ప్రైమర్లు రెండూ తలా 1, మైక్రోలీటరుకు 5 యూనిట్ల టాక్ ఎంజైము 0.1, నీరు 4.1. 94 డిగ్రీల్లో 5 నిమిషాలు, ఆపైన 94, 55, 72 డిగ్రీల్లో 30, 30, 60 సెకన్ల చొప్పున 35 చుట్లు, చివర్లో 72లో 7 నిమిషాలు. డీఎన్ఏ లేని ఒక గొట్టం ప్రతి ప్లేటులోనూ ఉండాలి. అందులో బ్యాండు వస్తే ప్లేటు మొత్తం పారేయడమే, మధ్యేమార్గం లేదు.

మార్కర్లలో (సాల్టాల్ ఉనికిని పట్టిచ్చే డీఎన్ఏ గుర్తుల్లో) ఆర్‌ఎం 3412, ఆర్‌ఎం 8094 ఎక్కువగా వాడతారు. దాత, గ్రహీత రెండింటికీ ముందు బ్యాండు తేడా ఉందో లేదో చూడండి, లేని మార్కర్ ఎంత పేరున్నదైనా మీకు దండగే. తేడా కొన్ని బేసులే ఉంటుంది కాబట్టి 3 శాతం అగరోజ్ కావాలి, అదీ చాలకపోతే 8 శాతం పాలీఅక్రిలమైడ్. తక్కువ వోల్టేజీలో నెమ్మదిగా నడపండి. వేడెక్కిన జెల్‌లో బ్యాండ్లు నవ్వుతున్నట్టు వంగి, పక్కపక్కనే ఉన్న రెండు సైజులు ఒకటే అనిపిస్తాయి. జెల్ మధ్యలో కూడా రెండు తల్లిదండ్రుల నమూనాలు వేసుకుంటే చదవడం తేలిక. రెండు బ్యాండ్లు కనబడితే విషమయుగ్మజం, ఒకటే ఉంటే సమయుగ్మజం.

ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. ఎఫ్‌ఎల్ 478 ఒకటో క్రోమోజోమ్‌లో పొక్కాలి నుంచి వచ్చిన ముక్క సుమారు 10.6 నుంచి 11.5 మెగాబేస్‌ల మధ్యే ఉంది, దానికి రెండు వైపులా ఐఆర్ 29 డీఎన్ఏనే. కాబట్టి ఆ హద్దు దాటిన మార్కర్‌తో ఎఫ్‌ఎల్ 478 బ్యాండు చూసి పొక్కాలి అల్లీల్ (ఆ చోట పొక్కాలి జన్యు రూపం) అని రాస్తే తప్పు. రెండోది, సంబంధంలేని దేశవాళీ రకంలో అదే సైజు బ్యాండు కనిపించినంత మాత్రాన అందులో సాల్టాల్ ఉందని కాదు. సైజు ఒకటైతే సంతతి ఒకటవదు. తల్లిదండ్రులు తెలిసిన సంకర సంతతిలోనే ఈ మార్కర్ మాట చెల్లుతుంది.

స్కోరూ బ్యాండూ ఎదురుపడితే

సంతతిలో పొక్కాలి బ్యాండు ఉన్న లైన్ల సగటు నిష్పత్తి, లేనివాటి సగటు నిష్పత్తి పోల్చండి. తేడా సోడియం, పొటాషియం నిష్పత్తిలో కనబడి స్కోరులో కనబడకపోతే కంగారు పడకండి, సాల్టాల్ పని ఆ నిష్పత్తి దగ్గరే. బ్యాండు ఉన్నా 7 వచ్చిన లైను ఉంటుంది, లేకున్నా 3 వచ్చిన లైనూ ఉంటుంది. రెండోదాన్ని పారేయకండి. కణాల్లోకి వచ్చిన సోడియాన్ని రిక్తికల్లో (కణంలోని నీటి సంచుల్లో) దాచేయడం, నీటిని పొదుపుగా వాడటం లాంటి వేరే దారులు దానిలో ఉండవచ్చు. అందులోనే కొత్త క్యూటీఎల్ దొరికే అవకాశం ఎక్కువ.

2025 మే నెలలో భారత వ్యవసాయ పరిశోధన మండలి ప్రకటించిన జన్యు సవరణ వరి, పూసా డీఎస్‌టీ రైస్ 1, ఇలాంటి వేరే దారే. మారుటేరు నుంచి వచ్చిన ఎంటీయూ 1010, మన కాటన్ దొర సన్నాల్లో డీఎస్‌టీ అనే జన్యువును సవరించి చేసింది. ఆ జన్యువు పత్రరంధ్రాలను తెరిచి ఉంచేవైపు పనిచేస్తుంది, అది దెబ్బతింటే ఆకు నీటిని తక్కువ పోగొట్టుకుంటుంది. అలాంటి లైన్ల నిష్పత్తి చూసి పైన చెప్పిన హెచ్‌కేటీ ప్రోటీను గురించి తీర్పు చెప్పకూడదు.

ఎదురుసంకరంతో (సంతతిని మళ్లీ మళ్లీ మూల రకంతోనే సంకరం చేయడం) సాల్టాల్‌ను మంచి రకంలోకి ఎక్కించేవాళ్లకు మొక్కల లెక్క ముఖ్యం. ప్రతి తరంలో సగం మొక్కల్లో బ్యాండు ఉంటుంది కాబట్టి ఒక్కటైనా దొరకాలంటే, 99 శాతం భరోసాకు 7 మొక్కలు చాలు. కానీ ముక్కకు ఒక పక్క 2 సెంటీమోర్గాన్ల (తరానికి నూటికి రెండు సార్లు క్రోమోజోమ్ తెగి కలిసే దూరం) లోపు తెగిన మొక్క కావాలంటే బ్యాండు, తెగడం రెండూ కలిసే అవకాశం నూటికి ఒకటి. అదే భరోసాకు 459 మొక్కలు పెంచాలి. చాలామంది ఈ రెండో లెక్క వేయకుండా 40 మొక్కలతో మూడు తరాలు నడుపుతారు. లెక్క ప్రకారం మూడో ఎదురుసంకరానికి మూల రకం జన్యుసంపద సగటున 93.75 శాతం వస్తుంది, సాల్టాల్ పక్కన మాత్రం దాత ముక్క పొడవుగా వేలాడుతూనే ఉంటుంది, దానితో పాటు వచ్చే పనికిరాని గుణాలూ ఉంటాయి. మొదటి తరంలో ఒక పక్క, రెండో తరంలో రెండో పక్క తెంచడం మంచి పద్ధతి.

స్కోరు అయిపోయాక బతికిన మొక్కలను పారబోయకండి. పలకతో సహా ఉప్పులేని ద్రావణంలో వారం రోజులు ఉంచి, కొత్త ఆకు వచ్చాక కుండీల్లోకి మార్చండి. వేరు వలలో అల్లుకుని ఉంటుంది, లాగితే తెగుతుంది, అందుకని వల కత్తిరించి మొక్కతో పాటే నాటండి. ఒక్కో మొక్క గింజలను విడిగా సంచిలో వేసి, టబ్బు నంబరు, వరస, రంధ్రం, డీఎన్ఏ ప్లేటులో గుంట నంబరు నాలుగూ పెన్సిలుతో రాయండి. బాల్‌పెన్ సిరా చల్లగదిలో తేమకు అలుక్కుపోతుంది.